తలెత్తు రాయి

నూజివీడు,
11-2-1949

శ్రీవారి పాదములకు రాజరాజేశ్వరి నమస్కరించి వ్రాయునది. ఇచ్చట నేను, చిరంజీవి శారద క్షేమము. అచ్చట తమరి క్షేమము మారుటపాలో తెలియజేయ ప్రార్థన.

పెద్దలు నేర్పిన మర్యాద అయింది కనుక ఇక నా ధోరణిలో రాస్తాను. క్షేమమని రాశానే గాని, మొన్న మీ ఉత్తరం అందినప్పటి నుంచి నాకు ఒళ్లు మండిపోతోంది.

టపా శారద అందుకుంది. వాకిట్లోనే కవరు చించి పైకి చదివింది. డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి, కఫం పరీక్ష చేయించి, క్షయ పూర్తిగా పోయింది, ఇక మీవల్ల ఎవరికీ భయం లేదు, ఇంటికి వెళ్లవచ్చని చెప్పారని అది చదువుతుంటే నేను లోపలికి పరుగెత్తి దేవుడి దగ్గర దీపం వెలిగించాను. ఒత్తి సరిగా అంటుకునేలోపే అది తరువాతి వాక్యాలకు వచ్చింది. బరువులు ఎత్తకూడదన్నారట, గొంతెత్తి మాట్లాడకూడదన్నారట. అందుచేత బడిలో నిలబడి పాఠం చెప్పే యోగం ఇక మీకు లేదట. ఆస్పత్రిలోనే మందుల గది చూసుకునే ఉద్యోగం ఇస్తామన్నారు కనుక అక్కడే ఉండిపోదామని ఆలోచిస్తున్నారట. పని చేయలేని మనిషి ఇంటికి బరువట. వెలిగించిన దీపాన్ని ఆర్పలేదు లెండి. మొదటి మాటకి వెలిగించి రెండో మాటకి ఆర్పితే దేవుడు కూడా నవ్వుతాడు.

మీకు ఈ 'పని' అనే మాట ఎక్కడి నుంచి పట్టుకుందో నాకు తెలుసు. మన శారదకి మీరు రాసిన పాఠం నుంచే. థర్డు ఫారంలో పని, శక్తి అనే పాఠం వచ్చిందనీ, మీ స్థానంలో వచ్చిన కొత్త మాస్టారు పుస్తకం పైకి చదివి వెళ్లిపోతున్నారనీ అది పోయిన నెల మీకు మొర పెట్టుకుంది కదా. మీరు చక్కగా విడమరిచి రాశారు. ఒక వస్తువు మీద బలం ప్రయోగించాలి, ఆ బలానికి అది కదలాలి. ఎంత బలమో, అటువైపు ఎంత దూరం కదిలిందో, ఆ రెండూ హెచ్చవేస్తే వచ్చేదే పని. కదలకపోతే సున్న. ఇంతవరకూ బాగుంది. చివర ఇంకో ముక్క తగిలించారు. ఏడాది పైగా మంచం మీద కదలకుండా పడుకున్న మీ నాన్న చేసిన పని కూడా సున్నే అని. శారద అది వేళాకోళమనుకుని నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ రోజు నుంచి మీ కూతురి ప్రయోగాలు భరించలేకపోతున్నాను. పెరటి గోడని రెండు చేతులా నెట్టి నెట్టి, చెమటలు పట్టాక నన్ను పిలిచి, ఇంత కష్టపడ్డా ఇది పని కాదు తెలుసా అమ్మా అంది. నూతి దగ్గర నుంచి బిందె చంకన పెట్టుకుని వస్తుంటే మధ్యలో ఆపి, అక్కడే నిలబడమ్మా, నిలబడ్డంతసేపూ నువ్వు ఏ పనీ చెయ్యనట్టే అంది. చెయ్యి లాగేస్తోందే అంటే, లాగినా సున్నే అంది. మీ నోట్లోంచి ఊడిపడ్డట్టు మాట్లాడుతుంది.

అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. బరువు పట్టుకుని కదలకుండా నిలబడ్డవాళ్లు పనేమీ చేయనట్టయితే వాళ్లకి ఆ అలసట ఎక్కడి నుంచి వస్తోంది? మిమ్మల్ని రైలెక్కించి వచ్చిన రోజు నుంచి నేను నిలబడే ఉన్నానండీ. వాకిట్లో సైకిలు గంట మోగితే మీది కాదని తెలిసీ చూస్తాను. మీ కళ్లజోడు పెట్టె తుడిచి మళ్లీ అక్కడే పెడతాను. ఏదీ ఒక్క అంగుళం కదలడం లేదు. మీ సైన్సులో దీనికి కూడా సున్నేనా? జవాబు రాయండి.

ఊరి కబుర్లు. ఈ ఏడు మామిడి పూత విరగబూసింది. చెట్ల కింద నడిస్తే బట్టలకి కూడా ఆ వాసన పట్టుకుంటోంది. పూతని మాడ్చే తేనెమంచు పడుతుందేమోనని మన ఇంటి యజమాని లక్ష్మీనారాయణగారు పొద్దున్నే తన మామిడి మండీ అరుగు మీద నిలబడి ఆకాశం వంక గుర్రుగా చూస్తున్నారు. ఇల్లు గడవడం గురించి మీరు బెంగపెట్టుకోవద్దు. చిన్నపిల్లలు కొందరు నా దగ్గర చదువుకోవడానికి వస్తున్నారు.

కవరు మీద మీ పేరు ఎప్పటిలాగే శారదే రాస్తుంది. మొగుడి పేరు నోటితో అన్నా, చేత్తో రాసినా ఆయనకి ఆయుష్షు తగ్గుతుందని అత్తగారు నాకు కాపురానికి వచ్చిన రోజే చెప్పారు. పైగా మీది దేవుడి పేరయి కూర్చుంది. కోవెలలో నామాలు చదివేటప్పుడు ఆ ఒక్క పేరు దగ్గర పెదవులు బిగించుకుంటాను. పూజారిగారు ప్రతిసారీ నా వంక చూసి ముసిముసిగా నవ్వుతారు.

ఇట్లు,
మీ రాజేశ్వరి


నూజివీడు,
22-3-1949

శ్రీవారికి నమస్కారములు. ఇక్కడ క్షేమం. మీ దగ్గు పూర్తిగా తగ్గిందని, బరువు పెరిగారని రాసినందుకు సంతోషం. ఆ పెరిగిన బరువు నేను కూడా చూడాలి కదా.

నా ప్రశ్నకి మీ జవాబు బాగుంది. గోడ వేరు, ఒళ్లు వేరు అన్నారు. బరువు పట్టుకుని నిలబడ్డప్పుడు కండలోని సన్నని పోగులు ఊరికే ఉండవు, బిగుస్తూ సడలుతూ మళ్లీ బిగుస్తూనే ఉంటాయి, తిన్న అన్నంలోంచి వచ్చిన శక్తి అలా లోలోపల ఖర్చయి వేడిగా పోతుంది, చెమట పట్టేది అందుకేనని రాశారు. పట్టుకున్న బరువు మీద జరిగిన పని సున్నే, కాని పట్టుకున్న మనిషికి అయిన ఖర్చు సున్న కాదు. ఈ ఒక్క మాట కోసం మీ ఉత్తరం మడత నలిగిపోయేదాకా చదువుకున్నాను. శారదకని రాశారు గాని అది నాకే రాశారని తీసుకున్నాను.

ఇంటికి రావడం గురించి మాత్రం ఒక్క అక్షరం లేదు.

సరే, ఒక సంగతి రాస్తాను. ఊరికి ఉత్తరాన, చాట్రాయి రోడ్డు మీద, తలబరువులు దింపుకునే రాయి మీకు జ్ఞాపకం ఉందా అని అడగను. లేదంటే ఊరుకోను. రెండు నిలువు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక పలక, సరిగ్గా మనిషి తలెత్తున. గంప మోసుకొచ్చే మనిషి దాని పక్కకి వచ్చి నిలబడి తల మీది గంపని అలా పలక మీదికి జరిపేస్తుంది. కాసేపు ఊపిరి తీసుకుంటుంది. మళ్లీ గంప కిందికి తల పెట్టి వెళ్లిపోతుంది. దింపడానికీ ఎత్తడానికీ ఇంకొకరి సాయం అక్కర్లేదు. లక్ష్మీనారాయణగారి తాతగారు వేయించిన రాయి అది.

నేను కాపురానికి వచ్చిన రోజు చింతలపూడి బస్సు ఊరికి మైలు దూరాన చెడిపోయింది. మా అన్నయ్య బండి కోసం ముందుకు నడిచాడు. మీరు ఆగలేక నా ట్రంకుపెట్టె తలకెత్తుకున్నారు. దాన్నిండా మా అమ్మ ఇచ్చిన ఇత్తడి సామాను. ఆ రాయి దగ్గరికి వచ్చేసరికి మీ మొహం ఎర్రగా కందిపోయింది. పెట్టె పలక మీదికి జరిపి, కండువాతో మొహం తుడుచుకుని, నాతో మాట్లాడిన మొట్టమొదటి మాట ఏమిటో గుర్తుందా? పెట్టెని మైలు దూరం మోయడంలో పని ఎక్కువా, నేల మీంచి తల మీదికి ఎత్తడంలో ఎక్కువా అని అడిగారు. కొత్త పెళ్లికూతుర్ని ఎవరైనా అడిగే మాటేనా అది! మోయడంలోనే అన్నాను. మీరు నవ్వి, కాదు, బరువు కిందికి లాగుతోంది, దానికి ఎదురుగా పైకి ఎత్తినప్పుడే బరువు మీద పని జరుగుతుంది, చదును నేల మీద నడిచినంతసేపూ అది పైకీ పోలేదు కిందికీ రాలేదు అన్నారు. అయితే ఆ మెడనొప్పి కూడా అబద్ధమేనా అన్నాను. అదే మన మొదటి తగువు. ఇన్నేళ్లయినా మీ వాదన ఒప్పుకోవడానికి నాకు మనసు రాదు. కాని ఆ రోజు మీరు నవ్విన నవ్వు మళ్లీ ఒక్కసారి వింటే ఒప్పేసుకుంటాను.

ఆ రాయి పోయిన నెల పడిపోయింది. చాట్రాయి నుంచి వస్తున్న కట్టెల బండి చక్రం నిలువు రాయికి తగిలి, పలక రెండు ముక్కలైంది. లక్ష్మీనారాయణగారు నొచ్చుకుని, తాతగారి పేరు నిలబెట్టాలని కొత్త పలక తెప్పించి మళ్లీ కట్టించారు. అయితే ఆయనది జాలిగుండె కదా. మోసి మోసి వచ్చినవాళ్లు పాపం కూర్చోవడానికి కూడా వీలుగా ఉండాలని నడుమెత్తున పెట్టించి, నున్నగా సిమెంటు చేయించారు. చూసినవాళ్లంతా ఎంత బాగుందో అన్నారు. నేనూ అన్నాను.

నిన్న తోట నుంచి కూరగాయల గంపతో జోజమ్మ వచ్చింది. ఆ రాయి దగ్గరే మాకు ఎదురుపడింది. గంప దింపుకోలేక, దింపినా మళ్లీ ఎత్తుకోలేక అలా నిలబడిపోయింది. పలక మీద నలుగురు మగవాళ్లు కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. కాస్త చెయ్యెయ్యండయ్యా అని అడిగింది. వాళ్లు చుట్ట ఆరిపోతుందన్నట్టు చూశారు. చివరికి శారదా నేనూ చెయ్యి వేశాం. ఇదివరకు ఎవర్నీ అడగాల్సిన పనుండేది కాదమ్మగారూ, ఇప్పుడు కూకునేవోళ్లు కూకుంటన్నారు, మేం నిలబడే పోతన్నాం అంది జోజమ్మ.

శారద ఇంటికి రాగానే పలక, బలపం తీసింది. గంప ఇంచుమించు నలభై పౌన్లు. నడుమెత్తు నుంచి తలెత్తుకి రెండడుగులు. హెచ్చవేస్తే ఎనభై అడుగు-పౌన్ల పని. పాత రాయి దగ్గర ఆ ఎనభై ఎందుకు లేదో తెలుసా అమ్మా అంది. తల మీద ఉన్నప్పుడు గంపకి ఆ ఎత్తు వల్ల ఒక శక్తి ఉంటుందట. స్థితిశక్తి అంటారట. కొమ్మ చివరి కాయకీ అదే ఉంటుందనీ, తొడిమ ఊడగానే ఆ శక్తి వేగంగా మారి గతిశక్తి అవుతుందనీ, పోయిన వేసవిలో మన పెరట్లో కాయ పడి కుండ పగిలింది అందుకేననీ చెప్పింది. తలెత్తు రాయి మీద పెడితే గంప ఆ ఎత్తు పోగొట్టుకోదు. కిందికి దింపితే పోగొట్టుకుంటుంది, మళ్లీ మెడ విరుచుకుని సంపాదించుకోవాలి. లక్ష్మీనారాయణగారు మంచి చేద్దామని ప్రతి గంపకీ ఎనభై అడుగు-పౌన్లు అదనంగా వేశారు, నేను వెళ్లి చెబుతాను అంటోంది. ఆయన తాతగారి పేరు చెక్కించిన రాయి అది, నొచ్చుకుంటారే అంటే వినదు. ఏం చేయమంటారో రాయండి.

పిందెలు గోలీల్లా అయ్యాయి. వచ్చే వారం ఉగాది. పచ్చడిలోకి మన పెరటి పిందెలే.

మీ రాజేశ్వరి


నూజివీడు,
24-4-1949

శ్రీవారికి నమస్కారములు.

మీ కార్డు అందింది. ఇంత పెద్ద దేశంలో రెండు పంక్తుల కార్డు నాకొక్కదానికే వచ్చి ఉంటుంది. జూను ఒకటి నుంచి మందుల గది ఉద్యోగంలో చేరుతున్నారని మొదటి పంక్తి. శారదని బాగా చదివించమని రెండోది. ముగింపులో ఆశీస్సులు. నేను ఏడవలేదు. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను, అంతే.

కోపం వచ్చినప్పుడు ఉత్తరం రాయకూడదని నాలుగు రోజులు ఆగాను. అయినా తగ్గలేదు కనుక రాస్తున్నాను. ముందు రాయి సంగతి వినండి.

శారద నా మాట వినకుండా మండీకి వెళ్లింది. నేను వెనకాలే పరుగెత్తాను. మండీలో వరిగడ్డి పరిచి, కాయలు మాగేస్తున్నారు. లక్ష్మీనారాయణగారు తెల్లని పంచెలో, జరీ కండువాతో, త్రాసు పక్కన కూర్చుని ఉన్నారు. ఇది నిలబడి మొత్తం పాఠం చెప్పింది. మొదట ఆయన నవ్వుతూ విన్నారు. తరువాత మొహం చిన్నబుచ్చుకున్నారు. మా తాత పేరున కట్టించింది బాగోలేదంటావా అమ్మాయ్, ఊరంతా మెచ్చుకున్నారే అన్నారు. నేను భూమిలోకి కుంగిపోయాను. శారద మాత్రం వంగి నమస్కారం చేసి, మెచ్చుకున్నవాళ్లెవరి తలమీదా గంప లేదు తాతగారూ, మీరొక్కసారి ఎత్తి చూడండి అంది.

ఆయనకి పౌరుషం వచ్చింది. ఇదేం బ్రహ్మవిద్యా అంటూ లేచారు. అందరం కలిసి చాట్రాయి రోడ్డు దాకా నడిచాం. అప్పుడే అటు వచ్చిన జోజమ్మ గంపే నడుమెత్తు పలక మీద పెట్టించారు. కండువా చుట్టకుదురు చేసుకుని, రెండు చేతులా గంప పట్టి పైకి లేపారు. ఛాతీ దాకా వచ్చింది. అక్కడ ఆగింది. తల మీదికి పోదు, కిందికి దించడానికి అభిమానం అడ్డం వస్తోంది. చుట్ట కాల్చే నలుగురూ చుట్టలు తీసి చూస్తున్నారు. కాసేపటికి ఆయనే, చూస్తారేంటర్రా, చెయ్యెయ్యండి అని కేక పెట్టారు. జోజమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. గంప దించాక ఆయన కూడా నవ్వారు. అంత మంచి మనిషి.

వారం తిరక్కుండానే మేస్త్రీ వచ్చాడు. మోసేవాళ్లని ఒక్కొక్కరినే నిలబెట్టి ఎత్తు కొలిచాడు. నిలువు రాళ్లు పెంచి, పలక మళ్లీ తలెత్తుకి ఎక్కించారు. పడిపోయిన పాత పలక ముక్కని పక్కన కూర్చోవడానికి వేశారు. ఇప్పుడు కూర్చునేవాళ్లు కూర్చుంటున్నారు, గంపలు పైన విశ్రాంతి తీసుకుంటున్నాయి. అంతా అయ్యాక లక్ష్మీనారాయణగారు నాతో ఒక మాట అన్నారు. అది మీకు ఉన్నదున్నట్టు రాస్తాను. మాస్టారే ఊళ్లో ఉంటే కడుతున్నప్పుడే పక్కన నిలబడి ఇదిగో ఇంత ఎత్తుండాలని చెప్పేవారు కదమ్మా, ఆయన లేని లోటు ఇలాంటప్పుడే తెలుస్తుంది అన్నారు.

వింటున్నారా? ఆయన మీరు రాళ్లు మోసేవారనలేదు. కేకలు వేసేవారనలేదు. పక్కన నిలబడి చెప్పేవారన్నారు. అందుకు గొంతెత్తక్కర్లేదు, బరువెత్తక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా మీకు చెప్పకుండానే చేశాను. హెడ్మాస్టరు రామచంద్రరావుగారి దగ్గరికి వెళ్లాను. సైన్సు గదిలో కుర్చీలో కూర్చునే చిన్న తరగతులకి ప్రయోగాలు చూపించే పని మీకిస్తామన్నారు. పిల్లలే బల్ల చుట్టూ చేరతారు, కేక వేయనవసరం లేదన్నారు. బడి తెరిచేదాకా ఆ పని మీకోసం అలాగే ఉంచుతారట. ఆ తరువాత ఉంచడం తన చేతిలో లేదని కూడా చెప్పారు.

ఇక నా మాట. పని చేయలేని మనిషి బరువు అన్నారు. సరే, బరువే అనుకోండి. బరువుని నేల మీద పడేయాలని ఎవరు చెప్పారు మీకు? మీరు ఇన్నేళ్లు చదివి, చెప్పి, సంపాదించుకున్న ఎత్తు ఒకటుంది. మందుల గదిలో సీసాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఆ ఎత్తు నుంచి దిగిపోయినట్టే. ఇల్లు అలా దింపదండీ. ఇక్కడ పడక్కుర్చీలో కాళ్లు జాపుకుని కూర్చున్నా మీరు దిగినట్టు కాదు. మిమ్మల్ని మోయడానికి రమ్మనడం లేదు. ఊపిరి తీసుకోవడానికి రమ్మంటున్నాను.

శక్తి నశించదు, రూపం మారుతుంది అని మీరే ప్రతి ఏడూ పిల్లలకి చెప్పేవారు. ఏడాది పైగా తాగిన పాలు, పీల్చిన కొండగాలి, నేను పెట్టిన దీపాలు, ఇవన్నీ ఎక్కడికి పోయాయి మరి? మీ ఒంట్లోనే ఉన్నాయి. నేను ఉత్తరాల మీద ఉత్తరాలతో నెడుతున్నాను, మీరు మన పెరటి గోడలా కదలడం లేదు. శారద లెక్కలో నేను ఇంతవరకూ చేసిన పని సున్న. నాకు ఆ సున్న ఇష్టం లేదు.

మీకోసం కళ్లు కాయలు కాస్తున్నాయని రాద్దామనుకున్నాను. తోటలన్నీ కాయలే కనుక ఆ మాటకి ఇక్కడ విలువ లేదు. మీరు లేకపోతే నాకు బాగోలేదు. ఇంతకంటే బాగా రాయడం నాకు చేతకాదు.

మీ రాజేశ్వరి


నూజివీడు,
19-5-1949

శ్రీవారికి నమస్కారములు. ఇక్కడ మేము క్షేమం. నా పెద్ద ఉత్తరానికి జవాబు రాలేదు. రాదని తెలుసు. గోడలు ఉత్తరాలు రాయవు.

ఈ ఉత్తరంలో తగువేమీ లేదు, భయపడకండి. పళ్ల సంగతి రాస్తాను. రసాలు దిగుతున్నాయి. లక్ష్మీనారాయణగారు మీకని ప్రత్యేకం కోయించారు. గెడకి కట్టిన వల చిక్కంతో కోసిన కాయలు, ఒక్కదానికీ నేల దెబ్బ తగలలేదు. పైనుంచి పడిన కాయ తాను తెచ్చుకున్న వేగమంతా తన ఒంటి మీదే ఖర్చు చేసుకుంటుందనీ, అందుకే ఆ దెబ్బ దగ్గర మొదట కుళ్లుతుందనీ శారద ఆయనకి చెప్పింది. ఆయన ఇప్పుడు మండీకి వచ్చిన ప్రతివాడికీ అది తన సొంత మాటలా చెబుతున్నారు.

దోరకాయలే గంపలో పేర్చాను. అడుగున వరిగడ్డి, పైన వరిగడ్డి, మధ్యలో కాయలు. గంప మూతి గోనెపట్టాతో కుట్టేశాను. రైల్లో వెళుతూ వెళుతూ గడ్డి వేడికి మాగి, మీ దగ్గరికి చేరేసరికి పండుతాయి. ముట్టుకుని చూడండి, తొడిమ దగ్గర మెత్తబడితే తినవచ్చు. పైన ఉన్నవి ముందు తినండి. ఎండంతా తాగి తాగి ఆ చెట్లు దాచిపెట్టిన శక్తే ఈ తీపి అని మీరొకసారి చెప్పారు. అప్పుడు నేను, తినే పండుకి కూడా పాఠమేనా అని విసుక్కున్నాను. ఇప్పుడు ఎవరూ పాఠం చెప్పకుండా పండు పెడుతుంటే రుచి తెలియడం లేదు.

శారద పరీక్ష పాసైంది. సైన్సులో క్లాసుకి మొదటిది. నాన్నతో చెప్పాలి అంది, రాయవే అంటే రాయనంది. ఎదురుగా నిలబడి చెప్పాలట. దాని పట్టుదల ఎవరిదో నేను రాయక్కర్లేదు.

చాట్రాయి రోడ్డు వైపు సాయంత్రం నడిచి వచ్చాను. రాయి మీద రెండు గంపలు పక్కపక్కన ఉన్నాయి. జోజమ్మా, ఇంకొకామా కింద పలక మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. నన్ను చూసి జోజమ్మ, మాస్టారు ఎప్పుడొస్తారమ్మగారూ అని అడిగింది. త్వరలోనే అన్నాను. అబద్ధమో నిజమో నాకే తెలియదు.

ఆరోగ్యం జాగ్రత్త. వేళకి పాలు తాగండి.

మీ రాజేశ్వరి

తా.క. 22-5-1949.

కవరు మీద స్టాంపు లేదని, మీ పేరు కూడా లేదని చూసే ఉంటారు. ఈ ఉత్తరం టపాలో వేయలేదు. మూడు రోజుల నుంచి నా రొమ్ము దగ్గరే ఉంది. ఇప్పుడు మీ ఆస్పత్రి గేటు పక్కన, అరుగు మీద కూర్చుని ఈ నాలుగు ముక్కలూ కలుపుతున్నాను. శారద నా పక్కనే ఉంది. మామిడిగంప ఒళ్లో ఉంది. బండిలో వస్తుంటేనే పళ్లు వాసన మొదలుపెట్టాయి. రైలుపెట్టెలో వాళ్లంతా ఎవరి కోసమమ్మా అని అడిగారు.

మీరు కదలకపోతే నేను కదలాలి కదండీ. నూజివీడు నుంచి ఇక్కడి దాకా కదిలాను. పాకాలలో బండి మారేటప్పుడు గంప నేనే ఎత్తుకున్నాను. ఇక సున్న అనడానికి వీల్లేదు.

గేటు దగ్గర మనిషి ఎవరి కోసం వచ్చారని అడిగాడు. శారద నోరు తెరవబోయింది. దాని చెయ్యి పట్టుకుని ఆపాను. పెళ్లయిన ఇన్నేళ్లకి మొదటిసారి మీ పేరు నా నోటితో చెప్పాను. అతనికి సరిగా వినబడక మళ్లీ అడిగాడు. ఈసారి గట్టిగా చెప్పాను. ఏమీ కాలేదు. చెట్టు మీద పిట్ట కూడా లేవలేదు. ఇన్నాళ్లూ పిలవకపోవడం వల్ల మీ ఆయుష్షు పెరిగిందనిపించలేదు, నాది మాత్రం తరిగింది. అతనే ఈ కాగితం మీకు తెచ్చిస్తాడు.

లోపలికి వెళ్లవచ్చన్నాడు. నేను వెళ్లను. నేను రాగలిగినంత దూరం వచ్చాను. గేటు నుంచి మీ మంచం దాకా ఉన్న దూరం మీ వంతు. మెల్లగా నడవండి, తొందరేమీ లేదు. గంప ఎత్తకండి, డాక్టరుగారు కోప్పడతారు. దింపేటప్పుడు కాస్త చెయ్యి వేస్తే చాలు.

ఉమాపతిగారూ, బయటికి రండి.